అరుగుదలను చూసి మురిసిపోయే మేడం

సుంకి దాటి బస్సు సాలూరు ఘాటు రోడ్డు దిగడం మొదలుపెట్టిందంటే, నాలుగు మలుపులు తిరిగేసరికి బ్రేకులు కాలిన వాసన లోపలికి వచ్చేస్తుంది. మొన్న కోరాపుట్ వైపు ఒక కాలేజీలో ప్రాక్టికల్ పరీక్షలు పెట్టి వస్తుంటే అదే జరిగింది. పక్క సీటులో ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. వెనక నుంచి ఎవరో కిటికీలు మూయమని కేకేశారు. నేను మాత్రం నా కిటికీ ఇంకాస్త జరిపి గుండెల నిండా పీల్చుకున్నాను. పక్కావిడ నన్ను అదోలా చూసింది. ఆవిడకేం చెప్పను? బ్రేకు పట్టీ అంటే ఉత్త ఇనప ముక్క కాదనీ, రెజిను అనే జిగురులో నార, రకరకాల పొడులు కలిపి గట్టిపరిచిన ముద్ద అనీ, అది తాను అరిగిపోతూ మనల్ని లోయలో పడకుండా ఆపుతోందనీ చెప్పాలనిపించింది. ఆ మాటలు నావి కావు, రూతు మేడంవి. ఒకసారి ఇదే దారిలో, ఇదే వాసన పీలుస్తూ ఆవిడ నాతో, “అది కంపు కాదే గౌరీ, బస్సు ఆగతాదని కబురు” అన్నారు. అప్పటి నుంచి నాకది కబురులాగే అందుతోంది.

శ్రీకాకుళం నుంచి టెక్కలి వెళ్ళే దారిలో, హైవే పక్కన ఉన్న ఇంజినీరింగ్ కాలేజీలో చదివాను. మెకానికల్ విభాగంలో ఉన్న ఒకే ఒక్క ఆడమనిషి రూతు మేడం. శ్రీకాకుళం బాప్టిస్టు కుటుంబం వాళ్ళది. తాతగారు మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుగా పనిచేశారట. ఆదివారాలు చర్చి క్వయర్‌లో పాడేవారు, మిగతా రోజులు లేబరేటరీలో పాడేవారు. క్లాసులో బోర్డు ముందు నిలబడితే చక్కటి ఇంగ్లీషు. సుద్దముక్క కింద పెట్టగానే అచ్చమైన సిక్కోలు మాట. పొట్టిగా, బొద్దుగా ఉండేవారు, నవ్వితే ఒళ్ళంతా కదిలేది. ఆవిడ చెప్పే పాఠం రాపిడి గురించి, అరుగుదల గురించి. రెండు వస్తువులు ఒకదాన్నొకటి రాసుకుంటే ఏమవుతుంది అన్నది తప్ప ఆవిడకు ఇంకో ధ్యాస ఉన్నట్టు కనిపించేది కాదు. అదేమంత సరదా విషయమని మేమంతా అనుకుంటూనే మొదటి క్లాసుకు వెళ్ళాం.

ఆ మొదటి రోజు ఆవిడ లోపలికి వస్తూనే బల్ల మీద పాత న్యూస్‌పేపర్లు పరిచారు. “అందరూ ఒక సెప్పు ఇప్పి దీని మీద పెట్టండి” అన్నారు. ఎవరూ కదల్లేదు. పుస్తకాలు పెట్టుకునే బల్ల మీద చెప్పులు పెట్టడమేమిటని ముఖాలు చూసుకున్నాం. ముందుగా ఆవిడే తన చెప్పు తీసి, అడుగు భాగం మావైపు తిప్పి పెట్టారు. “ఇది సూడండి. కుడిపక్కే ఎక్కువ అరిగినాది. ఎందుకో ఎవులైనా సెప్పండి.” మా వాడొకడు ధైర్యం చేసి, “మీరు కుడివైపు వాలి నడుస్తారు మేడం” అన్నాడు. “వాలడానికి నానేటి అరటి సెట్టునా? నా కుడిసేతిలో ఎప్పుడూ బజారు సంచీ ఉంటాది. కూరలు కొనకుండా నానింటికెల్లను” అన్నారు. క్లాసంతా నవ్వింది. తర్వాత ఒక్కొక్కరి చెప్పు తిప్పి చూస్తూ, వీడు కాళ్ళీడుస్తాడు, వీడు కొత్త చెప్పులు కొని మురిసిపోతున్నాడు అంటూ చెప్పుకుపోయారు. నా చెప్పు దగ్గరికి వచ్చేసరికి ఆగిపోయారు. ముందు భాగం, బొటనవేలు ఉండే చోట, అట్టముక్కంత పల్చబడిపోయింది. మేడం దాన్ని వెలుతురుకు పెట్టి చూసి, “నీ సైకిలుకి బ్రేకుల్లేవా ఏటే?” అన్నారు.

మాది బొబ్బిలి దగ్గర పల్లె, వరి పండించుకునే ఇల్లు. ఆ కాలేజీలో చేరాక టెక్కలి దగ్గర మా పిన్ని ఇంట్లో ఉండి చదువుకునేదాన్ని. కాలేజీ బస్సు ఆగే రోడ్డు దాకా బాబాయి పాత సైకిలు మీద వెళ్ళేదాన్ని. దాని బ్రేకు రబ్బర్లు ఏనాడో ఊడిపోయాయి. గట్టు దిగేటప్పుడు ఎడమకాలు నేలకు రాసి ఆపేదాన్ని. “నిజమే మేడం, లేవు” అన్నాను. అందరూ నవ్వుతారనుకున్నాను, నవ్వారు కూడా. కానీ మేడం ఆ చెప్పు నాకు తిరిగి ఇస్తూ, “నీకు తెలీకుండానే బ్రేకు పట్టీ కనిపెట్టీసినావు. ఎం.టెక్.లో సేరు, నా దగ్గర పని సేద్దువు గాని” అన్నారు. అప్పటిదాకా నాకు ఎం.టెక్. ఆలోచనే లేదు. బ్యాంకు పరీక్షలకు పుస్తకాలు కొనుక్కుని కూర్చున్నాను. ఆ పుస్తకాలు మా చెల్లెలికి పనికొచ్చాయి.

ఎం.టెక్.లో నా పని ఏమిటో తేల్చింది చేపలమ్మే నూకమ్మ. భావనపాడు నుంచి గంపతో వచ్చి, స్టాఫ్ క్వార్టర్సులో మొదటి గడపగా మేడం గుమ్మం ముందే గంప దించేది. ఏ ప్రాజెక్టు చేయాలో చర్చించడానికి నేను వెళ్ళిన ఒక ఉదయం ఆమె ముఖం వాడిపోయి ఉంది. వాళ్ళది ఫైబరు బోటు. రోజూ సముద్రంలోంచి రాగానే పదిమంది పట్టి ఇసుక మీద పైకి లాగుతారు, మళ్ళీ వెళ్ళేటప్పుడు ఇసుక మీదే కిందికి తోస్తారు. ఇసుక రాపిడికి అడుగున వెన్నులా ఉండే భాగం అరిగిపోతుంది. ప్రతి ఏడూ వేసవిలో చేపల వేట ఆపే రోజుల్లో అతుకు వేయించుకుంటారు. ఆ ఏడు అతుకు ఆగలేదు. “నడి సముద్రంలో బోటులోకి నీల్లొచ్చీసినాయమ్మా. ఎర్రన్న తోడతా తోడతా ఒడ్డుకొచ్చినాడు. బోటు కనబడీదాకా నా పేనం నా దగ్గర లేదు” అంది నూకమ్మ. ఎర్రన్న ఆమె భర్త. తర్వాత మేడం చేయి పట్టుకుని, “ఇన్ని మిషన్లున్నాయి గదా మీ కాడ. అరగని బోటు ఒకటి సేసీయండి” అంది. మేడం చేపను సంచీలో వేసుకుంటూ, “అరగని బోటు ఉంటాది నూకమ్మా. ఒడ్డున కట్టీసి ఉంచినది” అన్నారు. నూకమ్మకు నవ్వొచ్చేసింది. అప్పుడు మేడం నావైపు తిరిగి, “ఇన్నావా? నీ ప్రాజెక్టు ఇదే” అన్నారు.

అలా నా చదువు మొత్తం ఒక బోటు అడుగుకు చేరింది. ఆ అడుగుకు తొడగడానికి ఒక పట్టీ చేయాలి. అది ఇసుక మీద తేలిగ్గా జారాలి, తొందరగా అరగకూడదు. గాజు నారను ఎపాక్సీ జిగురులో తడిపి పొరలు పొరలుగా పేర్చడం మామూలు పద్ధతి. దానికి గట్టిదనం రావడానికి ఊక కాల్చిన బూడిద, జారుడు రావడానికి పెన్సిలు ముల్లులో ఉండే గ్రాఫైటు పొడి కలిపి చూద్దామన్నారు మేడం. బూడిద కోసం మా ఊరి రైసుమిల్లుకు వెళ్ళాను. గోనెసంచీ మోసుకుని ఇంటికి వస్తే మా నాన్న అరుగు మీద నుంచి చూసి, “గిన్నెలు తోమడానికి అంత సదువు ఎందుకే?” అన్నాడు. మేడంకు చెబితే, “మీ నాన్నకి సబ్జెక్టు బాగా తెల్సు. గిన్నె మీద మసి పోవాల, గిన్నె పోకూడదు. మనం సేసీదీ అదే కదేటి” అని పగలబడి నవ్వారు. ఇసుక మాత్రం భావనపాడుదే కావాలని పట్టుబట్టారు. కొన్న ఇసుక మీద పరీక్ష చేస్తే బోటు ఒప్పుకోదు అనేవారు. బియ్యం బస్తాల్లో తెచ్చి, కడిగి, డాబా మీద ఆరబోసుకున్నాం.

మా లేబులో పెద్ద మిషను ఒకటి ఉండేది. గిర్రున తిరిగే ఉక్కు పళ్ళెం మీద మనం చేసిన చిన్న ముక్కను బరువు పెట్టి నొక్కుతుంది. ఎంత రాపిడి పుట్టిందో పక్కనున్న తెర మీద గీత గీస్తుంది. ఇంకో మిషనులో ముక్కకూ రబ్బరు చక్రానికీ మధ్య ఇసుక ధారగా పడుతుంది. ముక్కను ముందూ వెనకా తూచి ఎంత అరిగిందో చూసుకోవాలి. ఆ తూచడం ఒక పెద్ద తంతు. ఆ కాటా ఎంత సున్నితమైనదంటే ఊపిరి తగిలినా అంకె మారిపోయేది. ఫ్యాను ఆపి, కిటికీలు మూసి, ముక్కను పటకారుతో పెట్టి అందరం ఊపిరి బిగబట్టుకుని నిలబడేవాళ్ళం. సరిగ్గా అప్పుడే మేడంకు ఏదో గుర్తొచ్చి నవ్వొచ్చేది. అంకె స్థిరపడకుండా ఊగిపోయేది. చివరికి తూచే వేళకు ఆవిడే స్వచ్ఛందంగా వరండాలోకి వెళ్ళిపోయేవారు. “అయిపోనాదేటే, నవ్వుకోవచ్చా?” అని తలుపు అవతల నుంచి అడిగేవారు. అంత పెద్ద ప్రొఫెసరు గుమ్మం బయట అనుమతి కోసం నిలబడడం నాకు భలే ఇష్టంగా ఉండేది. ఆవిడ మిషను శబ్దం కూడా వినేవారు. కూనిరాగంలా వస్తే బాగున్నట్టు. కీచుమంటే, “ఆపు, ఏదో ముక్క ఏడస్తన్నాది” అని పరుగున వచ్చేవారు.

దసరా సెలవుల ముందు ఆయుధపూజ వచ్చింది. ప్రతి ఏడూ లేబులో ఆ పూజ మా అటెండరు సింహాచలం గారిదే. మిషన్లన్నీ కడిగి, నువ్వుల నూనెలో పసుపు కలిపి పూసి, కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయలు కోసేవారు. మేడం తన పద్ధతిలో తాను ఒక మూల తల వంచుకుని మౌనంగా ప్రార్థించుకునేవారు, ఆనక అందరికంటే ముందు పులిహోర దగ్గరికి వచ్చేవారు. సెలవులు అయ్యాక నేను మళ్ళీ పని మొదలుపెట్టాను. మొదటి ముక్క పెట్టగానే తెర మీద గీత నేలకు అంటుకుపోయింది. అంత తక్కువ రాపిడి మా ఆశల్లో కూడా లేదు. రెండో ముక్కా అంతే, మూడోదీ అంతే. బూడిద పాళ్ళు కుదిరాయని ఎగిరి గంతేశాను. టెక్కలి నుంచి మిఠాయి తెప్పించి విభాగమంతా పంచాను. సింహాచలం గారైతే నాకంటే ఎక్కువ మురిసిపోయారు.

మేడం మిఠాయి నోట్లో వేసుకుంటూనే ఒక ముక్కను తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళారు. చివరను చూశారు, గోటితో గీకారు, వాసన చూశారు. “ఇది గ్రాఫైటు వాసన కాదే. నువ్వుల నూనె” అన్నారు. అప్పుడు చూసుకున్నాం, ముక్క అంచున సన్నటి పసుపు గీత ఉంది. సింహాచలం గారిని అడిగితే ఆయన ఎంతో గర్వంగా, “పల్లేనికి పూసినాను మేడం. పాప సేసుకున్న ముక్కలు ట్రేలో ఉంటే, పరీక్ష పాసవ్వాలని ఒక్కొక్కదానికీ ఆ నూనే రాసి బొట్టెట్టినాను” అన్నారు. ఒక్కదాన్నీ వదల్లేదు. నెలలపాటు పోతపోసి ఆరబెట్టుకున్న ముక్కలన్నీ నూనె తాగి కూర్చున్నాయి. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. మేడం మాత్రం స్టూలు మీద కూలబడి, కడుపు పట్టుకుని నవ్వుతున్నారు. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుని, “పూజ ఫలించినాది గదే, ఇంకేటి కావాల? లోకంలో ఏ జర్నలులోనూ లేని రిజల్టు ఇది” అన్నారు. నాకు ఏడుపులోంచే నవ్వొచ్చింది. ముఖం చిన్నబుచ్చుకున్న సింహాచలం గారి చేతిలో ఇంకో మిఠాయి పెట్టి, “మళ్ళా ఏడు మీరు మిషను కాళ్ళకి పెట్టండి బొట్లు. కాళ్ళకి పెడితేనే గదా దండం” అన్నారు. ఆ మర్నాడే ఆవిడ చీర కొంగు బిగించి నాతోపాటు కొత్త ముక్కలు పోతపోయడానికి కూర్చున్నారు. గాజు నార గుచ్చుకుని చేతులు దురదపెడుతుంటే క్వయర్ పాటలు పాడారు. బూడిద కాస్త కలిపితే అరుగుదల తగ్గుతుందనీ, మరీ ఎక్కువైతే ముక్క పెళుసుబారి ఇంకా తొందరగా రాలిపోతుందనీ ఆ రెండోసారి చేసిన ముక్కల మీదే తేలింది. ముందటి వాటి కంటే అవి బాగా కుదిరాయి.

వేసవిలో వేట ఆపిన రోజుల్లో పట్టీలు పట్టుకుని భావనపాడు వెళ్ళాం. ఎర్రన్న బోటును బోర్లించి, అడుగు బాగుచేయించి, కొత్తగా నీలిరంగు వేసి ఉంచాడు. ఇక ఊడకుండా పట్టీని జిగురుతోనే అంటించేద్దామన్నాను నేను. మేడం ఒప్పుకోలేదు. స్క్రూలతోనే బిగించాలి, వాటి తలలు పట్టీలో లోతుగా దిగాలి అన్నారు. “ఇప్పడానికి ఈలుండాల” అన్నారు. కష్టపడి చేసింది విప్పడం గురించి ముందే మాట్లాడతారేమిటని నాకు కాస్త రోషం వచ్చింది. అయినా బిగించాం. అంతా అయ్యాక నూకమ్మ పసుపు కలిపిన నూనె గిన్నెతో వచ్చి, పట్టీకి పూయొచ్చా అని అనుమానంగా అడిగింది. నేనూ మేడమూ ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. “పుయ్యి నూకమ్మా. ఇక్కడ ఎంత పూసుకుంటే అంత మంచిది” అన్నారు మేడం. మేమెందుకు అంతలా నవ్వుతున్నామో పాపం ఆమెకు అర్థం కాలేదు.

వేట మొదలైంది. వానలు వచ్చి వెళ్ళాయి. నా థీసిస్ రాయడం అయిపోయి వైవా తేదీ కూడా వచ్చింది. సరిగ్గా ఆ వారంలో నూకమ్మ గంప దించుతూ, “మీ పట్టీ అరిగిపోనాదమ్మా. కాగితంలాగ అయిపోనాది” అంది. థీసిస్ నిండా అరుగుదల తగ్గించామని రాసుకున్నాను. నా రాతల సంగతి తర్వాత, దాన్ని నమ్ముకుని ఎర్రన్న రోజూ సముద్రంలోకి వెళ్తున్నాడు. వైవా వాయిదా అడుగుదామన్నాను. “ముందు బోటుని అడుగుదాం పద” అని మేడం నన్ను బస్సెక్కించారు. దారి పొడవునా నేను థీసిస్‌లో అంకెలు మళ్ళీ మళ్ళీ సరిచూసుకుంటూ కూర్చున్నాను. ఆవిడ మాత్రం కిటికీలోంచి ఉప్పు మడులు చూస్తూ కూనిరాగం తీస్తూనే ఉన్నారు.

బోటు బోర్లించి ఉంది. నూకమ్మ చెప్పింది నిజమే. వెనక భాగంలో పట్టీ అరిగి అరిగి గాజు నార పోగులు తేలి కనిపిస్తున్నాయి. మేడం ఇసుకలో చతికిలబడి, స్క్రూడ్రైవరు అడిగి తీసుకుని, ఒక్కొక్క స్క్రూ విప్పారు. పట్టీ చేతికి వచ్చింది. దాని కింద ఎర్రన్న వేసిన నీలిరంగు వేసిన నాటిలాగే నిగనిగలాడుతోంది. బోటు ఒంటి మీద ఒక్క గీత లేదు. మేడం నూకమ్మ చేయి పట్టుకుని ఆ నీలిరంగు మీద అటు చివర నుంచి ఇటు చివరకు నడిపించారు. “సూడు. ఇసక తిన్నాదంతా పట్టీనే. నీ బోటుని ముట్టుకోనేదు.” నూకమ్మ ఇంకోసారి తనంతట తాను తడిమి చూసుకుంది. “అయితే ఏడాదికోపాలి ఈ పట్టీ మార్సుకుంటే సాలేటి? నీల్లు రావా?” అంది. “సాలు. రావు” అన్నారు మేడం. నూకమ్మ గబగబా వెళ్ళి పొయ్యి రాజేసింది. ఆ తర్వాత మమ్మల్ని చేపల పులుసు తినకుండా కదలనివ్వలేదు. పులుసు తింటూ మేడం నాతో, “అరగడం తప్పు కాదే గౌరీ. రాసుకున్నాక ఏదో ఒకటి అరగాల. ఏది అరగాలో ముందుగా మనం ఆలోసించుకోవాల. అంతే ఇంజినీరింగు” అన్నారు. స్క్రూల రహస్యం నాకు అప్పటికి బోధపడింది.

వైవాలో బయటి నుంచి పరీక్షకుడిగా వచ్చిన పెద్దాయన కళ్ళద్దాలు సవరించుకుని, “మీ పట్టీ ఒక్క సీజనుకే అరిగిపోయిందట కదమ్మా, ఇక సాధించిందేమిటి?” అన్నారు. నేను అరిగిన పట్టీని బల్ల మీద పెట్టి, పక్కనే నీలిరంగు బోటు ఫోటో పెట్టాను. ఎన్ని రోజులు ఇసుక మీద లాగారో, అదే బోటు పట్టీ లేని ఏడు ఎలా అయ్యిందో చెప్పాను. మేడం మాట్లాడకూడదు కాబట్టి వెనక కుర్చీలో కూర్చుని రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఆవిడ భుజాలు కదులుతూనే ఉన్నాయి. పెద్దాయన పట్టీని తిప్పి తిప్పి చూసి, ఫోటో చూసి, “మా ఊరి బోట్లకీ చేసిపెడతారా?” అన్నారు. అంతే, రుమాలు అడ్డం ఉన్నా మేడం నవ్వు గదంతా వినిపించింది.

కొన్నేళ్ళకు ఆవిడ రిటైరయ్యారు. అప్పటికి నేను విజయనగరం దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. ఆవిడకు మోకాళ్ళ ఆపరేషన్ అని తెలిసి కంగారుగా ఆసుపత్రికి పరుగెత్తాను. ఆవిడ మంచం మీద దిండ్లకు ఆనుకుని, ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి, చుట్టూ ఉన్న నర్సులకు పాఠం చెబుతున్నారు. నన్ను చూడగానే ముఖం వెలిగిపోయింది. “రాయే, రా. నా మోకాల్లో ఏటెట్టినారో తెల్సా? పైన లోహం, కింద లోహం, మద్దిని పాలిమర్ పట్టీ. బిగించీ ముందు అరుగుదల రేటెంతని డాక్టర్ని అడిగినాను. పాపం, పుస్తకం తీసి సూసుకుని సెప్పినాడు” అన్నారు. నేను నవ్వలేకపోయాను. ఆవిడ మోకాళ్ళు అంతగా అరిగిపోయాయంటే బాధగా ఉందన్నాను. ఆవిడ ఎక్స్‌రే పక్కన పెట్టి నా చెంప తట్టారు. “బాదెందుకే? క్లాసులో నిలబడి, మిషన్ల చుట్టూ తిరిగి, బజారుకెల్లి, క్వయర్‌లో పాడి అరగదీసినాను. కూకున్నదాన్ని కాదు. ఒడ్డున కట్టీసి ఉంచిన బోటనుకున్నావేటి నన్ను?”

నెలలు తిరక్కుండానే ఆవిడ క్వయర్‌లో మొదటి వరుసలో నిలబడి పాడారు. నేను వెనక బెంచీలో కూర్చుని విన్నాను. చర్చి బయట చెప్పులు వేసుకుంటూ, “ఇప్పుడు రెండూ సమానంగా అరగతన్నాయి, సంచీ సేతులు మార్సి మార్సి పట్టుకుంటన్నాను” అని అడుగులు తిప్పి చూపించారు.

ఇప్పుడు నా కొత్త విద్యార్థులకు మొదటి రోజు నేనూ బల్ల మీద న్యూస్‌పేపరు పరుస్తాను, ముందుగా నా చెప్పే తీసి పెడతాను. దాని ముందు భాగం ఇప్పుడు బాగానే ఉంది. మడమ దగ్గర మాత్రం బాగా అరిగిపోయింది. ఎందుకో చెప్పమంటే పిల్లలు రకరకాలుగా చెబుతారు. రోజంతా నిలబడి పాఠం చెబుతాను కదా, అందుకు. అది చెప్పేటప్పుడు నా గొంతులో కాస్త గర్వం ఉంటుంది, దాచుకోను.

ఘాటు దిగి బస్సు సాలూరులో ఆగింది. పక్కావిడ ముక్కు మీంచి కొంగు తీసి, ఈ బస్సుల బ్రేకులన్నీ అరిగిపోయాయమ్మా అంటూ సంచీ అందుకుంది. “అరిగాయి కాబట్టే మనం కిందికి వచ్చామమ్మా” అన్నాను. ఆవిడ నన్ను మళ్ళీ అదోలా చూసి, ఉన్నట్టుండి నవ్వేసింది. ఆ నవ్వు వింటూ నేనూ బస్సు దిగాను.